అడక్కముందే అక్కయ్య

మా ఆస్పత్రి మూడో అంతస్తు చివర రికార్డు గది ఉంది. అందులో ఎనభై రెండు వేల ఫైళ్ళు, ఒక పాత కంప్యూటరు, మూడు మెట్ల స్టూలు ఒకటి, మా అక్కయ్య ఉంటారు. ఈ నాలుగింటిలో నా ప్రాణం తియ్యనిది స్టూలొక్కటే.

ఆస్పత్రి వాళ్ళు మా అక్కయ్యకు పెట్టిన పేరు 'అడక్కముందే అక్కయ్య'. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కౌంటరు వెనక కూర్చుని, వచ్చిన మనిషి నోరు తెరవకముందే కావలసిన ఫైలు తీసి సిద్ధంగా పెట్టడం ఆమె పని. గర్వమూ అదే, జబ్బూ అదే. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని వచ్చేది ఏ వార్డు నర్సో చెప్పేస్తుంది. గురువారం పొద్దున్న ఎముకల వార్డు నర్సు వస్తోందంటే శుక్రవారం ఆపరేషన్లున్న వాళ్ళ ఫైళ్ళకే వస్తోందని తెలుసు. ఆ అమ్మాయి గుమ్మం దాటేసరికి అవన్నీ కౌంటరు కింద వరసగా ఉంటాయి.

ఇంట్లోనూ ఇదే తంతు. నేను "అక్కా, ఆ..." అనేలోపు కత్తెర తెచ్చి చేతిలో పెడుతుంది. నాకు కావలసింది కత్తెరే అయి ఉంటుంది, అదీ నా మంట. నాకు యాభై ఒక్క ఏళ్ళు. ఆమె ముందు ఒక్క వాక్యాన్ని సొంతంగా పూర్తి చేసిన గుర్తు నాకు లేదు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఒకే ఇంట్లో ఆమె కింద, నేను పైన. నేను పైన తుమ్మితే కింద నీళ్ళు కాగడం మొదలవుతుంది.

నేనూ అదే ఆస్పత్రిలో పని చేస్తాను. నూట పన్నెండు కంప్యూటర్లకు నేనొక్కణ్ణే దిక్కు. 'అది పని చెయ్యట్లేదండీ' అన్న మాటను రోజుకు నలభై సార్లు వింటాను. 'అది' అంటే ఏమిటో ఎవరూ చెప్పరు.

అక్కయ్య ఎంత ముందే తీసినా, చీటీ లేనిదే ఏ ఫైలూ చూపించదు. ఈ మాట ముందే చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఫైలు తీసి కౌంటరు కింద పెట్టుకుంటుంది. ఆ తర్వాత చెయ్యి చాపి "చీటీ ఏది?" అంటుంది. డాక్టరు సంతకంతో చీటీ ఉంటే ఫైలు పైకి వస్తుంది. లేకపోతే మంత్రి గారు వచ్చినా రాదు. అట్ట మీద నంబరు తప్ప పేరు కూడా ఉండదు. వెనక్కి వెళ్ళాల్సిన ఫైళ్ళను ఆమె వెంటనే దూరపు ర్యాకులకు మొయ్యదు, మోకాళ్ళ నొప్పులు. కుర్చీ పక్కనే ఒక అర ఉంది. దానికి చేతి అర అని పేరు పెట్టుకుంది. ఆ రోజు తీసిన ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి. సాయంత్రం వెళ్ళేముందు అన్నీ ఎక్కడివక్కడ పెట్టి గది తాళం వేస్తుంది.

ఇక నా సంగతి. నలభై రోజుల కిందట మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడి గోడ పట్టుకున్నాను. మా ఆస్పత్రి గుండె డాక్టరమ్మ పరీక్ష చేసి, ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదంది. చిన్న ఆపరేషనే, చేయించుకోవాలి, ఆ తర్వాత నాలుగు వారాలు విశ్రాంతి. "ఇంట్లో చెప్పండి" అంది. ఇంట్లో అంటే అక్కయ్యకు. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే ఈ నెలాఖరున అక్కయ్య రిటైరవుతోంది. వచ్చే నెల ఐదో తారీఖున చిన్ననాటి స్నేహితురాళ్ళిద్దరితో రైలెక్కి, సముద్రం ఒడ్డు వెంబడి మూడు వారాలు తిరిగి రావాలని టిక్కెట్లు కొనుక్కుంది. నా పదహారో ఏట కాలు విరిగినప్పుడు వేరే ఊళ్ళో వచ్చిన ఉద్యోగం వదిలేసుకుంది. నా ముప్పై ఎనిమిదో ఏట కామెర్లొచ్చినప్పుడు ఇదే ముగ్గురూ వేసుకున్న ఇదే ప్రయాణం రద్దు చేసుకుంది. నేను ఉండమని అడగలేదు. అసలు అడిగే సందు ఆమె ఎవరికిస్తుంది గనక? ఈసారి తెలిస్తే మళ్ళీ మానేస్తుంది. అరవయ్యేళ్ళ మనిషి, ఆ మోకాళ్ళతో ఇంకెప్పుడు వెళుతుంది? అందుకని డాక్టరమ్మను బతిమాలి నా తారీఖును ఏడుకు పెట్టించుకున్నాను. ఐదున అక్కయ్య రైలెక్కుతుంది, ఏడున నేను బల్లెక్కుతాను. ఆమె తిరిగొచ్చేసరికి లేచి తిరుగుతుంటాను, తిట్లు తర్వాత తినొచ్చు.

మాత్రలను పాత కీబోర్డు డబ్బాలో దాచాను. నా ఫైలు అందరి ఫైళ్ళలాగే రికార్డు గదికి వెళ్ళింది, అది ఆపలేను. చివరి వరస, పై ర్యాకు. కానీ ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా కంప్యూటర్లో ఉంటుంది, దానికి కాపలా నేనే. కాపలావాడు చెయ్యకూడని పని చేశాను. నా పేరున్న గడిని ఖాళీ చేసేశాను. ఎనభై రెండు వేల వరసల్లో ఒక్క గడి ఎవరికి కనబడుతుందిలే అనుకుని నిశ్చింతగా నిద్రపోయాను.

అంతలో అప్‌డేట్ వచ్చింది.

ప్రాసెసర్లలో ఒక లోపం బయటపడిందనీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా అప్‌డేట్ వేసుకోవాలనీ కబురు. నూట పన్నెండూ ఒక్కొక్కటే ఆపి, వేసి, మళ్ళీ లేపి, వారం రోజుల్లో ముగించాను. ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ గమనించలేదు కూడా, ఒక్క రికార్డు గది తప్ప. ఆ కంప్యూటరు పదేళ్ళనాటిది. నంబరు కొడితే రెండు సెకన్లలో చూపించేది కాస్తా ఇప్పుడు నాలుగు తీసుకుంటోంది.

"ఒరేయ్ చిన్నోడా, నా కంప్యూటరుకి ఏం మందు పెట్టావురా? నత్తనడక నడుస్తోంది!" అంది ఆ సాయంత్రం, కాఫీ గ్లాసు నా ముందు ఠంగుమని పెట్టి.

"అప్‌డేట్ అక్కా. ప్రాసెసరులో పుట్టుకతో వచ్చిన లోపం. చిప్పుని విప్పి బాగు చెయ్యలేం కదా, అందుకని దాన్ని నడిపే సిస్టమ్‌కి జాగ్రత్తలు నేర్పిస్తారు."

"ఏం లోపం?"

"అడక్కముందే చేసేస్తుంది."

అక్కయ్య ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది లోపం ఎలా అవుతుంది?" అంది.

నేను ఓపిగ్గా చెప్పాను. నాకు ఓపిక తక్కువన్నది లోకానికంతా తెలుసు కాబట్టి ఇది రికార్డులో ఉండాలి. ప్రాసెసరు తర్వాత ఏ పని వస్తుందో ఊహించి ముందే మొదలుపెట్టేస్తుంది. ఊహ తప్పితే చేసింది పారేస్తుంది. కానీ ఆ పని కోసం తెచ్చుకున్నదాని ఆనవాళ్ళు దాని చేతికందే చోట మిగిలిపోతాయి. అదే కంప్యూటర్లో దొంగబుద్ధి ప్రోగ్రాము ఇంకోటి ఉంటే, ఏది చప్పున దొరుకుతోంది, ఏది ఆలస్యమవుతోంది అని సమయం చూసుకుంటూ లోపల ఏముందో పోల్చుకుంటుంది. అందుకని కొన్ని చోట్ల ఊహించకు, ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి మారినప్పుడల్లా ఆ దగ్గరి చోటు ఊడ్చెయ్యి అని చెబుతుంది అప్‌డేట్. ఆ ఊడ్పుకు పట్టే సమయమే ఆమె పోగొట్టుకున్న రెండు సెకన్లు.

"దొంగకి చూపిస్తుందా?"

"చూపించదు. పోల్చుకుంటాడు."

"చూపించనప్పుడు ఇంకేంట్రా నీ గోల? నేనూ ముందే తీస్తాను, చూపించను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ముక్క బయటికి పోయిందేమో అడుగు. పాపం, అది ఊహించి పని చేస్తోందని దానికి శిక్ష వేశావన్నమాట!"

ప్రాసెసరు మీద అంత జాలి చూపించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు సూపరింటెండెంటు గారికి అర్జీ పెట్టింది. రెండు సెకన్లకు రెండు పేజీలు, గుండ్రటి చేతిరాత. రికార్డు గది కంప్యూటరుకు అప్‌డేట్ తీసెయ్యాలి, తన కౌంటరు దగ్గర ఎవరూ నిమిషానికి మించి నిలబడలేదన్న పేరుతోనే తాను రిటైరవ్వాలి. ఆయన పెద్ద డాక్టరు, మంచివాడు, మా అక్కయ్యంటే గౌరవం. మనిషికి అరవై దగ్గర పడుతున్నా తలనిండా నల్లటి జుట్టు. దాన్ని చూసి ఆస్పత్రంతా ముచ్చటపడుతుంది.

"పోనిద్దురూ, ఆ ఒక్కదానికీ తీసెయ్యండి. నెల రోజుల్లో ఆవిడ వెళ్ళిపోతారు" అన్నాడు నాతో.

నాకు ఒళ్ళు మండింది. ఆ కంప్యూటర్లోనే ల్యాబు ప్రోగ్రాము, జీతాల ప్రోగ్రాము నడుస్తాయి. పైగా ఖాళీ దొరికితే ప్రతివాడూ దాంట్లో ఏదో ఒక వెబ్ పేజీ తెరుస్తాడు. ఎనభై రెండు వేలమంది గుట్టు అది.

"తీసేస్తాను సార్. కానీ ఒక్కసారి నాతో పైకి రండి. చేతిగడియారం తెచ్చుకోండి" అన్నాను.

ముగ్గురం కౌంటరుకు అటూ ఇటూ నిలబడ్డాం. అక్కయ్య అటు, మేమిద్దరం ఇటు. మధ్యలో ఎత్తయిన చెక్క పలక, కింద ఏముందో మాకు కనబడదు.

"సార్, మీరు దొంగ ప్రోగ్రాము అనుకోండి" అన్నాను. ఆయన సరదాపడి మీసం సవరించుకున్నాడు. "చీటీ లేకుండా ఏదో ఒక ఫైలు నంబరు చెప్పండి. అక్కయ్య తీస్తుంది కానీ ఇవ్వదు. 'చీటీ ఏది' అనడానికి ఎంతసేపు పట్టిందో మాత్రం చూడండి."

మనిషికి నోటికొచ్చే నంబరు తనదే. ఆయన ఆలోచించకుండా ఒక నంబరు చెప్పాడు. అక్కయ్య వంగినట్టే వంగి లేచింది.

"చీటీ ఏది?"

"రెండు సెకన్లు" అన్నాడు ఆయన, ఆమె చురుకు చూసి మురిసిపోతూ.

"అంటే ఆ ఫైలు చేతి అరలో ఉంది" అన్నాను. "చేతి అరలో ఉందంటే ఇవాళే ఎవరో తీయించారు. అంటే ఆ నంబరు మనిషి ఎవరో గానీ ఇవాళ పొద్దున్నే ఏదో వైద్యానికి వెళ్ళారు. అక్కయ్య ఏమీ చూపించలేదు, ఏమీ చెప్పలేదు. అయినా నాకు తెలిసిపోయింది సార్."

పెద్ద డాక్టరు గారి చెయ్యి దానంతటదే పైకి లేచి జుట్టు మీద వాలింది. ఆ రోజు చర్మం విభాగంలో జుట్టు రాలేవాళ్ళకు ప్రత్యేక పరీక్షలున్న సంగతి నాకు గుర్తొచ్చింది. అక్కయ్యకూ గుర్తొచ్చి ఉండాలి, ఎందుకంటే ఆమె చటుక్కున కిటికీ వైపు తిరిగింది. నవ్వితే ఆమె భుజాలు ఊగుతాయి.

"కాకతాళీయం కావచ్చు కదా" అన్నాడు ఆయన బలహీనంగా.

"కాదు సార్. తేడా చూద్దురుగాని. ఇప్పుడు ఎవరూ ముట్టుకోని ఫైలు ఒకటి అడుగుతాను. చివరి వరస, పై ర్యాకు. స్టూలెక్కి తేవాలి. నాలుగు నిమిషాలకు తక్కువ పట్టదు, కావాలంటే కాఫీ తెప్పించుకోండి."

నాకూ నోటికొచ్చే నంబరు నాదే. పైగా అంతకన్నా నమ్మకమైన నంబరు ఏముంది? నెల దాటింది, ఎవరూ అడగలేదని నాకు తెలుసు. ధీమాగా చెప్పాను.

అక్కయ్య కదల్లేదు. నా కళ్ళలోకి చూసింది. చెయ్యి మాత్రం కిందికి వెళ్ళి ఆగింది.

"చీటీ ఏది?"

రెండు సెకన్లు కూడా కాలేదు.

గుండె గుభేలుమంది. అది కవాటం వల్ల కాదు, నా ఫైలూ చేతి అరలోనే ఉందని తెలిసి. పెద్ద డాక్టరు గారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చూశారా! ముట్టుకోని ఫైలన్నారు, అదీ అంతే వేగంగా వచ్చింది. అంటే ఆవిడ అన్నీ అంతే వేగంగా తీస్తారు. మీ వాదన తప్పు. తీసెయ్యండి మీ అప్‌డేటు."

కాదనాలంటే ఆ ఫైలు ఎవరిదో చెప్పాలి. ఆ క్షణంలో అక్కయ్య ఊరుకుంటే చాలు, ఆమె అర్జీ గెలిచినట్టే. ముప్పై ఒక్క ఏళ్ళ పేరు చెక్కుచెదరదు. నేను ఓడిపోయిన తమ్ముణ్ణి, అది ఆమెకు కొత్త కాదు.

"వాడి వాదన తప్పు కాదు డాక్టరు గారూ" అంది అక్కయ్య. "వాడు చెప్పిందే నిజం. ఈ ఫైలు కూడా ఇవాళ తీసిందే. నేనే తీశాను. చేతి అరలోనే ఉంది."

"ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. అదే కదా నా తప్పు." కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ చూపించలేదు కదా అనుకున్నానే గానీ, తియ్యడంలోనే తెలిసిపోతుందనుకోలేదు. అప్‌డేటు ఉండనివ్వండి. నా అర్జీ చింపెయ్యండి. రేపట్నుంచి చీటీ చేతికొచ్చాకే కుర్చీలోంచి లేస్తాను. జనం నిలబడితే నిలబడతారు."

పెద్ద డాక్టరు గారు ఆ మాటకు ఎంత తేలికపడ్డాడో చెప్పలేను. "మంచిది, చాలా మంచిది, రహస్యం అన్నది..." అంటూ జుట్టు సవరించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

గదిలో ఇద్దరమే మిగిలాం. కంప్యూటరు ఫ్యాను గురగురమంటోంది.

"ఎలా తెలిసింది?" అన్నాను. "అట్ట మీద పేరు లేదు. జాబితాలోనూ లేదు."

"జాబితాలో లేదు కాబట్టే తెలిసింది. ఎనభై రెండు వేల గడుల్లో ఒక్కటే ఖాళీ. నాకు కనపడదా? రోజూ నేను చూసే జాబితా అది. ఈ ఆస్పత్రిలో ఆ గడి ఖాళీ చెయ్యగలిగినవాడు ఎవడ్రా, నువ్వు కాక? ఫైలు చూస్తే గుండె విభాగం ఆకుపచ్చ అట్ట."

ఎనిమిదేళ్ళుగా నూట పన్నెండు కంప్యూటర్లకు తాళాలేస్తున్నవాణ్ణి. ఇంత తెలివితక్కువ పని ఈ ఆస్పత్రిలో నేను తప్ప ఎవరూ చెయ్యలేరు, ఎవరికీ ఆ వీలు లేదు గనక.

"చదివావా?"

అక్కయ్యకు కోపమొచ్చింది. ఆకుపచ్చ అట్ట పైకి తీసి నా ముందు పెట్టింది. దారం ముడి వేసింది వేసినట్టే ఉంది, డాక్టరమ్మ వేసే బిగుతైన రెండు పేటల ముడి. అక్కయ్యవి ఎప్పుడూ ఒంటి ముడులు.

"చీటీ లేకుండా నేను ఎవరి ఫైలూ తెరవను. నా తమ్ముడిదైనా."

"మరి చేతి అరలో ఎందుకుంది?"

"రోజూ పొద్దున్నే తీసి పెట్టుకుంటున్నాను. సాయంత్రం మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. నువ్వు ఎప్పుడొచ్చి అడుగుతావో తెలీదు కదా. వచ్చినరోజు నిన్ను నాలుగు నిమిషాలు నిలబెట్టడం నాకిష్టం లేదు."

చివరి వరస, పై ర్యాకు. మూడు మెట్ల స్టూలు. ఆ మోకాళ్ళతో రోజుకు రెండుసార్లు, నెల పైనే. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను, దాచడం నాకు చేతకాదని ఇప్పటికే తేలిపోయింది కదా.

కౌంటరు మీదున్న చీటీల పుస్తకం లాక్కుని ఒకటి రాశాను. ఫైలు నంబరు వేశాను. 'చూడవలసినవారు' అన్నచోట 'మా అక్కయ్య' అని రాశాను. 'కారణం' దగ్గర ఏం రాయాలో తోచక, 'నేనే అడుగుతున్నాను' అని రాసి అందించాను. అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదివింది.

"డాక్టరు సంతకం లేదు."

"నా ఫైలు నేనే చూపిస్తున్నాను, డాక్టరెందుకు?"

"అయితే నీ సంతకం ఏది?"

పెట్టాను. అప్పుడు ముడి విప్పింది. అక్షరం అక్షరం చదివింది. ఏడో తారీఖు దగ్గర వేలు ఆగింది, నాలుగు వారాల విశ్రాంతి దగ్గర మళ్ళీ ఆగింది. తల అడ్డంగా ఊపి, సొరుగు లాగి మూడు రైలు టిక్కెట్లు నా ముందు పరిచింది. తారీఖు ఐదు కాదు. దానికి ఏడు వారాల తర్వాతది.

"ఎప్పుడు మార్చావు?"

"అయిందిలే, మూడు వారాలు."

"తెరవలేదన్నావు!"

"తెరవలేదు, ఊహించాను. నాలుగు వారాలంటారనిపించింది, నీ సంగతి తెలుసు కాబట్టి ఇంకో మూడు కలిపాను. వాళ్ళిద్దరూ సరే అన్నారు. ఈసారి మానుకోవడం లేదురా, జరిపాను అంతే. సముద్రం ఎక్కడికి పోతుంది?"

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నూట పన్నెండు కంప్యూటర్లకు మందుంది గానీ ఈవిడకు లేదు.

"అక్కా, నాకు..." అన్నాను.

అని ఆగిపోయాను. మా ఇద్దరి అలవాటు అది. సగం నేనంటాను, మిగతా సగం ఆమె అందుకుంటుంది. భయంగా ఉందా, ఆకలేస్తోందా, కాలు నొప్పా, ఏదో ఒకటి, ఏదైనా సరిగ్గా అదే అయి ఉంటుంది. ఎదురు చూశాను. అక్కయ్య ఏమీ అనలేదు. ఫైలు మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె పెదవులు కదలబోయి ఆగడం నేను స్పష్టంగా చూశాను. మాట నోటిదాకా వచ్చినా ఆపుకుంది. కంప్యూటరు ఫ్యాను తిరుగుతూనే ఉంది. రెండు సెకన్లు గడిచాయి, నాలుగు గడిచాయి.

"నాకు చాలా భయంగా ఉంది" అన్నాను.

"అలాగా" అంది అక్కయ్య, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు. లేచి కౌంటరు తలుపు తీసి, స్టూలు లాగి తన కుర్చీ పక్కన వేసి కూర్చోమంది.